హాలోవీన్ రోజు పెళ్లికి పిలిచారా? తెల్లచీర మాత్రం వద్దు

పోయినేడాది అక్టోబర్ 31, శుక్రవారం, మసాచుసెట్స్‌లో సేలం అనే ఊళ్లో మా పాత ఆఫీసు ఫ్రెండ్ పెళ్లి. అమెరికన్ అమ్మాయి, నాలుగేళ్లు నా పక్క క్యూబ్‌లో కూర్చుంది, చిన్నప్పట్నుంచీ హాలోవీన్ అంటే పిచ్చి, అందుకే పెళ్లి కూడా అదే రోజు పెట్టుకుంది. నేనూ మా ఆయనా న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వెళ్లి సగం పనులు సరిగ్గా, సగం తప్పుగా చేసి వచ్చాం. ఈ ఏడాది, అంటే 2026లో, హాలోవీన్ శనివారం పడింది. ఇక్కడ పెళ్లిళ్లకి అందరికీ కావాల్సింది శనివారమే కాబట్టి ఇలాంటి కార్డులు మనవాళ్లకి గట్టిగానే వస్తాయి, ఇప్పటికే ఇద్దరు ఫోన్ చేసి ఏం వేసుకోవాలి ఏం ఇవ్వాలి అని అడిగారు, ఒక్కొక్కళ్లకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడే రాసేస్తున్నా.

ముందు ఇంట్లోవాళ్ల సంగతి. అమ్మకి చెప్పగానే "దయ్యాల పండగ రోజు పెళ్లేంటే, ఆ ముహూర్తం పెట్టిన మహానుభావుడెవరే" అంది. మీ ఇంట్లోనూ ఇదే వస్తుంది కాబట్టి జవాబు రెడీగా పెట్టుకోండి. నవంబర్ 1 క్రైస్తవుల్లో సెయింట్లందరి పండగ, దాని ముందురోజు సాయంత్రమే హాలోవీన్. అంతకన్నా ముందు ఐర్లాండ్, స్కాట్లాండ్ వైపు కోతలైపోయి చలికాలం మొదలయ్యేటప్పుడు ఒక పండగ ఉండేది, ఆ రాత్రి పోయినవాళ్లు తిరుగుతారని నమ్మకం. ఆ దేశాలవాళ్లు 19వ శతాబ్దంలో అమెరికా వలస వచ్చినప్పుడు ఇదీ వెంట తెచ్చుకున్నారు. అక్కడ టర్నిప్ దుంపలు తొలిచి లోపల దీపం పెట్టేవాళ్లు, ఇక్కడికొచ్చాక గుమ్మడికాయ దొరికింది, పెద్దది, తొలవడం తేలిక. కోరలూ కళ్లూ చెక్కి గుమ్మం ముందు పెడితే చెడు లోపలికి రాదని. ఇది చెప్పేసరికి అమ్మ "ఓస్, మన దిష్టి గుమ్మడికాయేగా" అని కాస్త మెత్తబడింది. 2024లో అయితే దీపావళి కూడా అక్టోబర్ 31నే వచ్చింది, మా ఇంట్లో లక్ష్మీపూజ, ఎదురింటి వాకిట్లో పన్నెండడుగుల అస్థిపంజరం, ఏమీ కాలేదు కదమ్మా అన్నా. దానికి మాత్రం ఏమీ మాట్లాడలేదు.

కార్డులో ఏముందో అక్షరం అక్షరం చదవండి

మన శుభలేఖలో "సకుటుంబ సపరివార సమేతంగా" అని ఉంటుంది, ఊళ్లోకి చుట్టాలొస్తే వాళ్లని కూడా వెంటేసుకుని వెళ్లిపోతాం. ఇక్కడ కవరు మీద ఎవరి పేరుందో వాళ్లే. మీ పేరూ "అండ్ గెస్ట్" అని ఉంటే ఇంకొకళ్లని తీసుకెళ్లొచ్చు, పిల్లల పేర్లు లేకపోతే పిల్లల్ని పిలవలేదని. "అడల్ట్ రిసెప్షన్" అని ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. అది కూడా హాలోవీన్ రాత్రి బేబీసిట్టర్ దొరకడం మహా కష్టం, పిల్లలేమో వేషాలేసుకుని చాక్లెట్లకి ఇల్లిల్లూ తిరగాలని ఏడుస్తారు, కాబట్టి కనీసం రెండు నెలల ముందే ఎవరో ఒక ఫ్రెండ్‌ని పట్టుకోండి. ఆర్‌ఎస్‌వీపీ కార్డో వెబ్‌సైటో ఉంటుంది, దాంట్లో ఒక తేదీ ఉంటుంది, ఆ లోపల వస్తామో రామో చెప్పాలి. "చూద్దాంలే, వీలైతే వస్తాం" కుదరదు, ప్లేటుకి ఇంత అని ముందే డబ్బు కట్టేస్తారు. భోజనం ఏంటో కూడా అప్పుడే టిక్ పెట్టాలి.

ఇక అసలైన లైను, బట్టల లైను. హాలోవీన్ పెళ్లి అనగానే అందరూ వేషాలేసుకొస్తారని అనుకోకండి. కొంతమందికి హాలోవీన్ అంటే నల్ల కొవ్వొత్తులూ నారింజరంగు పూలూ అంతే, వచ్చినవాళ్లంతా సూట్లు గౌన్లలో ఉంటారు, మధ్యలో మీరొక్కరే గబ్బిలం రెక్కలతో నిలబడితే ఫోటోలు జీవితాంతం ఉంటాయి. "కాస్ట్యూమ్స్ ఎంకరేజ్డ్" అంటే వేసుకుంటే సంతోషం, లేకపోతే నష్టం లేదు. "రిక్వైర్డ్" అంటే వేసుకోకుండా వెళ్తే మీరే ఎబ్బెట్టుగా కనిపిస్తారు. "ఫెస్టివ్ అటైర్" అంటే వేషం కాదు, కాస్త పండగ కళ ఉన్న మంచి బట్టలు. "బ్లాక్ టై" అని ఉంటే, అంటే మగవాళ్లకి టక్సీడో సూటు, ఆడవాళ్లకి పొడుగు గౌను, అది ఏ రోజైనా బ్లాక్ టైనే. మాకొచ్చిన కార్డులో పెళ్లికి ఫార్మల్, రిసెప్షన్‌కి కాస్ట్యూమ్ అని రెండు ముక్కలుగా ఉంది. ఇలాంటి చోట బట్టలు మార్చుకోవడానికి గది ఉందా అని ముందే అడగండి, మేము అడగలేదు, కారు వెనక సీట్లో మా ఆయన డ్రాక్యులా అయ్యాడు.

తెల్లచీర కథ

నా ఐడియా ఏంటంటే తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, కాళ్లకి గజ్జెలు పెట్టుకుని వెళ్దామని. మన దయ్యానికి అదేగా యూనిఫాం, పైసా ఖర్చు లేదు, అక్కడ ఎవరికీ తట్టని వేషం. చీర ఇస్త్రీ కూడా అయిపోయింది. అప్పుడు బుర్రకి తట్టింది, ఇక్కడి పెళ్లిలో తెలుపు పెళ్లికూతురు ఒక్కదానిదే, వేరేవాళ్లు తెల్లటిదో ఐవరీదో వేసుకెళ్లడం పెద్ద అమర్యాద. సరే, హాలోవీన్ పెళ్లి కదా, ఈ అమ్మాయి నల్ల గౌను వేసుకుంటుందేమో, అప్పుడు నాకు తెలుపు ఫ్రీయేగా అని నేరుగా దాన్నే అడిగా. తనది నలుపులా కనిపించే ముదురు మెరూన్ అంది, నాకు ఓకేనే, కానీ మా అత్తగారికి నువ్వెందుకు తెల్లగా వచ్చావో రాత్రంతా నేనే చెప్పుకోవాలి అంది. చీర మడిచి లోపల పెట్టేశా. ఈ పెళ్లిలో ఏ డౌటొచ్చినా ఇదే లెక్క వాడుకోండి, ముందు పెళ్లి, ఆ తర్వాతే హాలోవీన్.

నలుపు గురించి మనకి ఇంకో భయం, పెళ్లికి నల్లబట్టలా అని. అక్కడ నలుపు మామూలే, హాలోవీన్ అయితే మరీను. అయినా మనసొప్పకపోతే వంకాయరంగు, ముదురాకుపచ్చ, రాగిరంగు కట్టుకోండి, థీమ్‌లో ఇట్టే కలిసిపోతాయి. నేను చివరికి వంకాయరంగు ఉప్పాడ పట్టుచీర కట్టుకున్నా. పెళ్లికి సూపర్‌గా కుదిరింది, రిసెప్షన్‌లో మాత్రం ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి చాలా బావుంది, ఇది ఏం వేషం అని అడిగింది. కోపం రాలేదు గానీ ఏం చెప్పాలో తోచలేదు, మా పెళ్లిళ్లలో ఇదే వేషం అని నవ్వేశా. ఆ తర్వాత పర్సులోంచి మంత్రగత్తె టోపీ తీసి పెట్టుకున్నా, ఇక ఎవరూ అడగలేదు. కాబట్టి చీర కట్టుకుంటే కట్టుకోండి, దాని మీదకి ఏదో ఒకటి, టోపీయో, మాస్కో, గబ్బిలం పిన్నో ఉంటే చీర చీరలాగా, వేషం వేషంలాగా ఉంటుంది. అక్కడి సూపర్ హిట్ మాత్రం పులివేషం అయ్యుండేది, ఒంటికి పసుపూ నలుపూ పూసుకుని డప్పుకి ఆడితే హాలు ఊగిపోయేది. కానీ ఆ రంగు ఎవరికి అంటుకుంటుందో తల్చుకుని మానేశాం.

రంగు అంటే గుర్తొచ్చింది, ఫేక్ బ్లడ్, మొహానికి పూసే రంగులూ వేసుకుంటే పెళ్లికూతుర్ని కావలించుకోవద్దు. వాళ్లు వద్దన్నా మీదకొచ్చి హగ్ ఇస్తారు, మీ బుగ్గ మీద రక్తం వేల డాలర్ల గౌనుకి అంటుకుంటుంది, అది ఉతికితే పోదు. జాంబీ వేషం వేసిన ఒకతను రిసెప్షన్ మొత్తం చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడు పాపం. ఇంకా, వేరేవాళ్ల సంస్కృతిని వేషంగా కట్టొద్దు. తలకి ఈకలు పెట్టుకుని నేటివ్ అమెరికన్‌లా, మొహానికి నల్లరంగు పూసుకుని ఇంకొకళ్లలా, ఇవి ఇక్కడ చాలా పెద్ద తప్పు. పూలతో అలంకరించినట్టుండే పుర్రె మేకప్ చూడ్డానికి బావుంటుంది గానీ అది మెక్సికో వాళ్లు నవంబర్ 1, 2 తేదీల్లో పోయిన తమవాళ్లని ఇంటికి పిలుచుకునే పండగది. మనం మహాలయ పక్షాల్లో పెద్దలకి పెట్టుకునేదాన్ని ఎవడో డాన్సు ఫ్లోర్ మీదకి తెస్తే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. కత్తులూ తుపాకుల్లాంటివి ప్లాస్టిక్‌వైనా హాలువాళ్లు లోపలికి రానివ్వకపోవచ్చు, విమానంలో వెళ్తుంటే వాటిని చేతి బ్యాగులో అస్సలు పెట్టకండి.

వేషం కొనాలంటే స్పిరిట్ హాలోవీన్ లాంటి సీజన్ షాపులు ఆగస్టు నుంచే తెరుచుకుంటాయి, అక్టోబర్ చివర వారానికి మన సైజు ఒక్కటీ మిగలదు. ఒకటి చూసుకోండి, కూర్చుని ఫోర్కుతో తినగలగాలి, బాత్రూంకి వెళ్లగలగాలి. డ్రాక్యులా కోరలు పెట్టుకుని మా ఆయన మొదటి పది నిమిషాలు చాలా స్టైల్‌గా ఉన్నాడు, ఆ తర్వాత అవి టిష్యూలో చుట్టి నా పర్సులోకొచ్చాయి.

ఊరికి చేరడం

ఇది సేలం లాంటి ఊరైతేనే. సేలంలో 1692లో మంత్రగత్తెలని ముద్రవేసి 19 మందిని ఉరితీశారు, ఒక ముసలాయన్ని బండరాళ్ల కింద నలిపి చంపారు. మొదట ఆరోపణలు లేచిన పల్లె ఇప్పుడు డాన్వర్స్ అనే పక్క ఊరు, మాకు హోటల్ దొరికింది అక్కడే, ఎందుకంటే సేలంలో అక్టోబర్ గదులు నెలల ముందే అయిపోతాయి. ఆ చరిత్ర వల్లే అక్టోబర్ నెలంతా ఊరు జాతర, హాలోవీన్ రోజు మరీ ఇసకేస్తే రాలనంత జనం. డాన్వర్స్ నుంచి ఐదు మైళ్లే కదా అని ముప్పావుగంట ముందు బయల్దేరాం. సగం రోడ్లు మూసేశారు, పార్కింగ్ ఎక్కడా లేదు, నాలుగున్నరకి పెళ్లి అయితే ఐదింటికి పది నిమిషాల ముందు తలుపు దగ్గరకి చేరాం. మన పెళ్లయితే ఇంకా గౌరీపూజ అవుతూ ఉండేది. ఇక్కడ మొత్తం పెళ్లే ఇరవై పాతిక నిమిషాలు, ప్రమాణాలూ ఉంగరాలూ అన్నీ అయిపోయి ముద్దు దగ్గర ఉన్నారు, తలుపు సందులోంచి అదొక్కటే చూశాం. ఏడుపొచ్చింది నిజంగా. పెళ్లి చేయించింది వాళ్ల కాలేజీ ఫ్రెండే అట, నల్ల అంగీలో. మసాచుసెట్స్‌లో మామూలు మనిషి కూడా ఒక్కరోజుకి పెళ్లి చేయించే అనుమతి తీసుకోవచ్చు.

మీరు ఆ తప్పు చేయకండి. కార్డులో టైముకి అరగంట ముందే కుర్చీలో ఉండాలి. సేలంకి బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి ట్రైన్లో అరగంట, ఆ రోజు కిక్కిరిసి ఉన్నా కారు కన్నా అదే నయం. పెళ్లివాళ్లు హోటల్ నుంచి షటిల్ పెడితే ఆలోచించకుండా ఎక్కేయండి. ముందురోజు వెళ్తే ఊళ్లో ఆ 1692 వాళ్ల మెమోరియల్ ఉంది, గోడలోంచి బయటికొచ్చిన రాతి బెంచీలు, ఒక్కో దాని మీద ఒక్కో మనిషి పేరు. చూసి రండి, కానీ వేషాల్లో వెళ్లి వాటి మీద కూర్చుని సెల్ఫీలు దిగకండి, వాళ్లు మంత్రగత్తెలేం కాదు, మామూలు మనుషులు.

వేరే ఏ ఊళ్లో అయినా సాయంత్రం ఇళ్ల మధ్యలోంచి డ్రైవ్ చేస్తే చాలా నెమ్మదిగా వెళ్లండి, నల్లబట్టల్లో చిన్నపిల్లలు రోడ్డుకడ్డంగా పరిగెత్తుతుంటారు. బోస్టన్ వైపు ఆ రోజుల్లో ఆరు కాకముందే పొద్దుగూకిపోతుంది, బయట పెళ్లయితే ఎముకలు కొరికే చలి, చీర మీదకి మంచి శాలువా, లోపల లెగ్గింగ్స్. ఈ ఏడాది ఇంకోటి ఉంది, శనివారం రాత్రి తెల్లవారితే నవంబర్ 1, రాత్రి రెండింటికి గడియారం గంట వెనక్కి జరుగుతుంది. గంట ఎక్కువ నిద్ర, బాగుంది, కానీ కారులో గడియారం చాలావాటిలో తనంతట తను మారదు, మర్నాడు బ్రంచ్‌కి గంట ముందే వెళ్లి కూర్చుంటారు జాగ్రత్త.

రిసెప్షన్

పెళ్లయ్యాక గంటసేపు కాక్‌టెయిల్ అవర్, పెళ్లివాళ్లు ఫోటోలకి పోతారు, మనం నిలబడి చిన్న చిన్నవి తింటూ ఉండాలి. తర్వాత ఎవరు ఏ టేబుల్లో కూర్చోవాలో చూసుకోవాలి. మా దగ్గర ఏం చేశారంటే గడ్డి పరిచిన బల్ల మీద అరచేతంత థర్మోకోల్ సమాధి రాళ్లు, ఒక్కోదాని మీద ఒక్కో అతిథి పేరు, కింద టేబుల్ నంబరు. మా ఆయన వంగి వెతికి వెతికి తన పేరున్న సమాధి చేత్తో పట్టుకుని నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. "ఇది మీ అమ్మకి వాట్సాప్ పెట్టకు" అన్నాడు.

తిండి దగ్గర మనవాళ్లు, ముఖ్యంగా వెజ్ వాళ్లు, కళ్లు తెరుచుకుని ఉండాలి. ఆ సీజన్లో వెజ్ ప్లేటంటే ఎక్కువగా గుమ్మడికాయ చుట్టమే ఏదో ఒకటి, బటర్‌నట్ స్క్వాష్ రావియోలీ లాంటిది, మనకి చప్పగా తియ్యగా ఉంటుంది, పర్సులో చిన్న కారం పొట్లం తప్పు కాదు. సూప్ పచ్చగా వెజ్‌లా కనిపించినా చికెన్ స్టాక్‌తో చేసి ఉండొచ్చు, అడగండి. క్యాండీ టేబుల్ మీద గమ్మీ పురుగులు, మార్ష్‌మాలోలు, చాలా బ్రాండ్ల క్యాండీ కార్న్, వీటిల్లో జెలటిన్ ఉంటుంది, జంతువుల ఎముకలు చర్మం నుంచి తీసేది. యాపిల్ సైడర్ అంటే అమెరికాలో వడకట్టని యాపిల్ జ్యూస్, పిల్లలు కూడా తాగొచ్చు, హార్డ్ సైడర్ అంటే మందు. రెండూ పక్కపక్కనే పెడతారు, మా టేబుల్లో ఒకావిడ నిశ్చింతగా రెండు గ్లాసుల హార్డ్‌ది తాగేసి తర్వాత బోర్డు చదివింది.

పొగలు కక్కే పంచ్ గిన్నె ఉంటే అది డ్రై ఐస్, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీల చలి. చేత్తో ముట్టుకున్నా, ముక్క నోట్లోకి పోయినా కాలినట్టే గాయమవుతుంది. గ్లాసులో ముక్క కనిపిస్తే అది పూర్తిగా కరిగి పొగ ఆగేదాకా తాగొద్దు. మొత్తం హాలుకి పొగ వదిలే మిషన్లుంటే ఆస్తమా ఉన్నవాళ్లు తలుపు దగ్గర టేబుల్ అడిగి తీసుకోండి. నిజం కొవ్వొత్తులు ఎక్కడ చూసినా ఉంటాయి, వాటి పక్కనే దూదిలాంటి సాలెగూళ్లు, పైగా మన పల్లూ. నేను పల్లూ నడుముకి దోపుకునే తిరిగా.

బార్ ఫ్రీయే అయినా బార్‌టెండర్‌కి గ్లాసుకి ఒకటో రెండో డాలర్లు పెట్టడం పద్ధతి, చిల్లర నోట్లు తీసుకెళ్లండి. స్పీచులు ఇస్తున్నప్పుడు మాట్లాడకూడదు, నవ్వులొస్తే నవ్వాలి. డాన్సు మొదలయ్యాక హాలోవీన్ పాటలొస్తాయి, వాటి జాంబీ స్టెప్పులు వాళ్లకి చిన్నప్పట్నుంచీ వచ్చు, మీరు వెనక వరసలో నిలబడి ముందువాళ్లని చూసి వేసేయండి, ఎవరూ చూడరు. పెళ్లికూతురు బొకే విసిరితే పట్టుకున్న అమ్మాయికే తర్వాతి పెళ్లని వాళ్ల సరదా, అప్పుడు పెళ్లైనవాళ్లు పక్కకి తప్పుకోవాలి, నేను తెలియక క్యాచ్ పట్టబోయా.

వీడ్కోలుకి చాలాచోట్ల కాకరపువ్వొత్తులు వెలిగించి దారికి రెండువైపులా నిలబడతారు, మన దీపావళి మిగులు తీసుకెళ్దామనిపిస్తుంది. మసాచుసెట్స్‌లో అయితే వద్దు, అక్కడ మామూలు జనం బాణసంచా ఉంచుకోవడమే నేరం, కాకరపువ్వొత్తులతో సహా. మాకు గ్లో స్టిక్స్ ఇచ్చారు.

గిఫ్టు

రిజిస్ట్రీ, అంటే పెళ్లివాళ్లు తమకి కావాల్సినవి రాసిపెట్టుకున్న లిస్టు, దాని లింకు ఉంటే అందులోంచి కొని వాళ్లింటికే పంపేయండి, పెట్టెలు మోసుకెళ్తే వాళ్లకే భారం. మేము చెక్కు ఇచ్చాం, 216 డాలర్లు, ఆ పదహారు ఎందుకని తర్వాత పెళ్లికూతురు అడిగితే మా పద్ధతి అని చెప్పా, దానికి భలే నచ్చింది. చెక్కు మీద ఇద్దరి పేర్లూ రాస్తే మధ్యలో "ఆర్" రాయండి, "అండ్" రాస్తే ఇద్దరూ సంతకం పెడితే గానీ బ్యాంకులో పడదు. అమ్మాయికి అప్పుడే కొత్త ఇంటిపేరు తగిలించకండి, మార్చుకుంటుందో లేదో తెలీదు, మార్చుకున్నా కాగితాలు అయ్యేదాకా పాతపేరే.

రాత్రి హోటలుకొచ్చాక మొహం రంగు సబ్బుతో రుద్దితే పోదు, చర్మం మండుతుంది. కొబ్బరినూనె పట్టించి రెండు నిమిషాలాగి టిష్యూతో తుడిస్తే జిడ్డురంగు మొత్తం వచ్చేస్తుంది, అందుకే చిన్న పారాషూట్ సీసా బ్యాగులో పెట్టుకోండి. మా ఆయన ఆ సమాధి రాయి జేబులో పెట్టుకొచ్చి ఫ్రిజ్ మీద నిలబెట్టాడు. నవంబర్లో వీడియో కాల్‌లో అమ్మ చూసేసింది, ముందు అది చెత్తబుట్టలో పడెయ్, అల్లుడిగారికి దిష్టి తియ్ అని ఒకటే గొడవ. ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి అయితే తీశా. రాయి ఇంకా అక్కడే ఉంది, అమ్మ ఫోన్ వచ్చినప్పుడు మైక్రోవేవ్ వెనక్కి జరుపుతాం.